తడి కాగితం మీద నాలుగు చుక్కల సిరా



మన ఆసుపత్రికి మూడు వారాలకొకసారి కీమో కోసం వచ్చే ఒక పెద్దావిడ ఉండేది. పల్నాడు వైపు పల్లె. ఏళ్ల తరబడి మిరపకాయ కోతలకూ, పత్తి తీతలకూ కూలికి వెళ్లిన మనిషి. చదువు రాదు. నాలుగో విడత మందుకు వచ్చిన రోజున ఆమె సంచీలోంచి ఫైలు తీసి చూస్తే, స్కానింగ్ రిపోర్టుకూ రక్తపరీక్షల కాగితాలకూ మధ్య మేము మొదటి విడతలో ఇచ్చిన కార్డు కనిపించింది. నీళ్లలో పాకిన నీలం సిరా, దాని మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. నలగకుండా పాలిథిన్ కవరులో పెట్టుకుంది.

"ఇది రిపోర్టు కాదు గదా మామ్మా, ఇంట్లో పెట్టుకోవచ్చుగా" అన్నాం.

"మా ఇంటికి మనుషులు రావడం మానేశారమ్మా. ఇదొక్కటి వచ్చింది. నాతోనే ఉండనీ" అంది.

అప్పటివరకు కార్డుల తయారీ అంటే స్త్రీల సమాజం వారు, సండే స్కూలు పిల్లలు తీరిక దొరికినప్పుడు చేసే పని అనుకునేవాళ్లం. ఆ మాట విన్న తరువాత అలా అనుకోలేకపోయాం. అందుకే ఈ సంచికలో ఆ పని గురించే వ్రాస్తున్నాం. కార్డు ఎలా చేయాలి, ఏమి వ్రాయాలి, ఏమి వ్రాయకూడదు, మేము ఎక్కడెక్కడ పొరపాటు పడ్డాం అన్నీ మీ ముందు పెడుతున్నాం.

వెలివేసిన ఇల్లు

మన వైపు పెద్దవాళ్లు ఈ జబ్బును రాచపుండు అనేవారు. ఇప్పుడు ఆ మాట తగ్గింది గాని భయం తగ్గలేదు. జబ్బు ఉన్న ఇంట్లో మంచినీళ్లు తాగరు. రోగి కూర్చున్న మంచం మీద కూర్చోరు. పేరంటానికి పిలవరు. పిల్లలను ఆ గుమ్మం తొక్కనివ్వరు.

క్యాన్సరు అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు, కలిసి అన్నం తింటే రాదు, చేయి పట్టుకుంటే రాదు, ఒకరి చీర మరొకరు కట్టుకుంటే రాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు వంటి కొన్నింటి వెనుక వైరస్‌లు ఉన్న మాట నిజమే. అయినా పరామర్శకు వెళ్లినంత మాత్రాన జబ్బు ఎవరికీ అంటుకోదు. కీమో ఎక్కించుకున్న రెండు మూడు రోజులు రోగి మలమూత్రాలు, వాంతులు శుభ్రం చేసేవారు చేతి తొడుగులు వేసుకోవాలి. అది మందు విషయంలో జాగ్రత్తే గాని జబ్బు అంటుతుందని కాదు.

ఈ భయం రోగి ఒక్కరినే బాధపెట్టి ఊరుకోదు. వీధిలో ఒక ఇంటిని వెలివేశారంటే, ఆ పక్కింటి ఆవిడ తన రొమ్ములో చేతికి తగిలిన గడ్డను ఎవరికీ చెప్పదు. నాకూ అదే గతి పడుతుందేమోనని దాచుకుంటుంది. నోట్లో మానని పుండును ఆయన చుట్ట వేడి అని సరిపెట్టుకుంటాడు. ముట్లు ఆగిపోయిన ఏళ్ల తరువాత కనిపించిన రక్తాన్ని ఆమె వేడి చేసిందనుకుంటుంది. తీరా ఆసుపత్రికి వచ్చేసరికి జబ్బు ముదిరిపోతుంది. అందుచేత ఒక ఇంటికి కార్డు పట్టుకుని పదిమందీ చూస్తుండగా వెళ్లడం చిన్న విషయం కాదు. వీధి అంతా చూసే వైద్య పాఠం అది.

నాలుగు మాటల బలం

క్రిస్మస్ కార్డు అచ్చువేయడం 1843లో లండనులో హెన్రీ కోల్ అనే ఆయనతో మొదలైంది. తీరిక లేక ఉత్తరాలన్నిటికీ జవాబు వ్రాయలేక, హార్స్‌లీ అనే చిత్రకారుని చేత బొమ్మ వేయించి వెయ్యి ప్రతులు అచ్చు వేయించాడు. ఉత్తరం వ్రాయలేని వారికి అది సులువు మార్గం అయింది. మన పని దానికి ఎదురు దారి. అచ్చు కార్డు ఒకేసారి వెయ్యిమందికి వెళుతుంది. చేతితో చేసిన కార్డు ఒక్కరికే వెళుతుంది.

మన గుంటూరుకు ఇది కొత్త సంగతి కాదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో ఇక్కడికి వచ్చి, 1898లో ఆసుపత్రి కట్టించేవరకు ఎన్నో ఏళ్లు గడపగడపకూ తిరిగి వైద్యం చేసింది. 1920లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన డాక్టర్ మేరీ గ్లోరీ సన్యాసినిగా సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిలో దశాబ్దాల పాటు సేవ చేసింది. చివరకు ఆమెకే క్యాన్సరు వచ్చి 1957లో బెంగుళూరులో కన్నుమూసింది. వైద్యం చేసేవారు కూడా ఒకనాడు మంచం మీద పడుకుని గుమ్మం వైపు చూడవలసి వస్తుంది.

నాలుగు మాటల కాగితానికి బలం ఉందా అని అడిగేవారికి ఒక పరిశోధన గురించి చెప్పాలి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ జెరోమ్ మోట్టో ఒక ప్రయోగం చేశారు. నిరాశతో, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనతో ఆసుపత్రిలో చేరి, ఇంటికి వెళ్లాక ఇక వైద్యం వద్దన్న 843 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి ఐదేళ్ల పాటు అప్పుడప్పుడు చిన్న ఉత్తరం పంపారు. మీరు బాగుండాలని కోరుకుంటున్నాం, వ్రాయాలనిపిస్తే వ్రాయండి అన్నట్టుగా రెండు వాక్యాలు, అంతే. 2001లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఉత్తరాలు అందుకున్న వర్గంలో, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో, ఆత్మహత్యలు తక్కువ. ఆ పరిశోధన క్యాన్సరు రోగుల మీద చేసింది కాదు. కార్డు గడ్డను కరిగించదు. అయితే, ఏమీ అడగకుండా, ఏ సలహా చెప్పకుండా "మీరు మాకు గుర్తున్నారు" అని చెప్పే కాగితానికి విలువ ఉందని మాత్రం దానివల్ల తెలుస్తుంది.

సిరా నీళ్లే ఎందుకు?

మొదట్లో రంగు పెన్సిళ్లతో పూలు వేసేవాళ్లం. బొమ్మ బాగా వచ్చినవారు నలుగురే. మిగతావారు "మాకు చేతకాదు" అని వెనక్కి తగ్గేవారు. తడి కాగితం మీద సిరా వేయడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది పోయింది. చుక్క వేసేవరకే మన పని. తరువాత నీళ్లే దాన్ని పాకిస్తాయి. చేయి వణికే తాతగారు చేసినా, ఏడేళ్ల పాప చేసినా అందంగానే ఉంటుంది. ఏ రెండు కార్డులూ ఒకేలా రావు. ఖర్చు కూడా తక్కువ. ఒక సిరాబుడ్డితో వందల కార్డులు అవుతాయి.

ఇలా నీళ్లలో రంగును పరిచే పద్ధతికి మన పక్కనే చరిత్ర ఉంది. 1910లో స్థాపించిన మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో బెంగాలు నుంచి వచ్చిన ప్రమోదకుమార్ చటర్జీ చిత్రకళ నేర్పారు. అడివి బాపిరాజు గారు ఆయన శిష్యులే. వేసిన రంగును నీళ్లతో తడిపి, ఆరబెట్టి, మళ్లీ రంగు వేసే వాష్ పద్ధతి బెంగాలు చిత్రకారులకు జపాను వారి నుంచి అందింది. మనం చేసేది అంత గొప్ప కళ కాదు, దానికి దూరపు చుట్టం.

ఇంకొక సంగతి. నీటిరంగులకు ఎంతో మేలైన కాగితం పత్తి నారతో చేసినదే. మన చేలలో తెల్లగా విచ్చుకునే పత్తికి నీటిని పీల్చి నిలుపుకునే గుణం ఉంది కనుక ఆ కాగితం తడిసినా త్వరగా చిరగదు. అది ఖరీదు గనుక మేము మామూలు మందపాటి డ్రాయింగు కాగితమే వాడుతున్నాం. 200 జీఎస్ఎం కన్నా తక్కువది వద్దు, ముడతలు పడుతుంది.

చేసే విధానం

మొదట చేతులు కడుక్కోండి. మిరపకాయలు కోసి వచ్చిన చేతులైతే ముందు కొంచెం వంటనూనె రాసి, తరువాత సబ్బుతో రెండుసార్లు కడగాలి. మిరప ఘాటు నూనెలో కరిగినట్టు వట్టి నీళ్లలో కరగదు. కీమో వల్ల నోరంతా పొక్కిన మనిషి చేతికి ఆ కార్డు వెళుతుందని మరచిపోవద్దు. కార్డు పట్టుకున్న వేళ్లే పెదవులకు తగులుతాయి.

ఎ4 కాగితాన్ని అడ్డంగా సగానికి కోసి, ఒక్కో ముక్కను మధ్యకు మడిస్తే రెండు కార్డులవుతాయి. మడత విప్పి, కాగితాన్ని చెక్క అట్ట మీద పరచి నాలుగు వైపులా క్లిప్పులు పెట్టండి. శుభ్రమైన నీళ్లలో ముంచిన దూదితో పైభాగమంతా తడపండి. కాగితం మెరవాలి గాని నీళ్లు నిలవకూడదు.

ఫౌంటెన్ పెన్ను సిరా నాలుగు చుక్కలు ఒక చెంచా నీళ్లలో కలపండి. బ్రష్షు కొనతో రెండు మూడు చోట్ల తాకించి, అట్టను మెల్లగా వంచండి. సిరా దానంతట అదే పాకుతుంది. మళ్లీ మళ్లీ బ్రష్షు పెట్టి దిద్దవద్దు. మేము నేర్పిన ప్రతి ఒక్కరూ చేసే తప్పు అదే. నల్ల సిరా కొన్ని రకాలు తడి కాగితం మీద విడిపోయి అంచుల్లో నీలమో ఊదానో చూపిస్తాయి. అది చూసి పిల్లలు సంబరపడతారు.

కాగితం ఇంకా మెరుస్తుండగా చినగంజాం ఉప్పు కళ్లు నాలుగు చల్లండి. ఒక్కొక్క కల్లు చుట్టూ ఉన్న తడిని లాగుతుంది. ఆరాక ఉప్పు దులిపేస్తే చిన్న చిన్న నక్షత్రాల్లాంటి గుర్తులు మిగులుతాయి.

నీడలో, ఫ్యాను ఆపి, బల్లపరుపుగా ఆరబెట్టండి. మా గుంటూరు మే నెల ఎండకు తడి నిమిషాల్లో ఎగిరిపోయి సిరా పాకనే పాకదు. ఎండాకాలంలో ఉదయం పూటే చేయండి. వానాకాలంలో మాత్రం రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వండి. తడి మిగిలితే కాగితానికి బూజు పడుతుంది. తెల్ల రక్తకణాలు తగ్గిన రోగికి బూజు మంచిది కాదు. ఆరిన కార్డును బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచితే వంకర పోతుంది.

చివరగా బాల్‌పెన్నుతో ఒకే ఒక్క చిన్న బొమ్మ చాలు. ఒక తాటిచెట్టు, ఒక కొంగ, ఒక పత్తికాయ, ఓడరేవు ఒడ్డున ఒక పడవ. సిరా పెన్నుతో అక్షరాలు వ్రాయవద్దు. కన్నీటి చుక్క పడినా అలుక్కుపోతాయి.

మేము చేసిన పొరపాట్లు

ఒకసారి బూడిదరంగు సిరాతో మబ్బుల ఆకాశం చాలా అందంగా వచ్చింది. ఫిబ్రవరి నెల. మిరప రైతు ఒకాయనకు ఇచ్చాం. చూడగానే ఆయన మొహం మాడిపోయింది. "కళ్లంలో కాయ ఉందమ్మా" అన్నాడు. ఆరబోసిన మిరపకాయ మీద వాన పడితే రంగు పోతుంది, తాలు అవుతుంది, ధర పడిపోతుంది. మనకు చక్కని మబ్బు ఆయనకు ఆ నెలలో పీడకల. అదే కార్డును ఆగస్టులో, పత్తి చేను వానకు మొహం వాచి ఉన్నప్పుడు మరొక రైతుకు ఇస్తే కళ్లకద్దుకున్నాడు. బొమ్మ వేసేముందు ఎవరికో, ఏ నెలలోనో తెలుసుకోవాలని అప్పుడు నేర్చుకున్నాం.

రెండోది ఎరుపు. మిరప సీమలో ఎరుపు లేని పండుగ ఉండదు. కాని డాక్సోరుబిసిన్ అనే కీమో మందు ఎర్రగా ఉంటుంది. దాన్ని ఎక్కించుకున్నవారిలో కొందరికి ఆ తరువాత ఎర్రని నీళ్లు చూడగానే, మందు మొదలుకాకముందే, కడుపులో తిప్పుతుంది. మేమిచ్చిన ఎర్రని కార్డు చూసి ఒక అమ్మాయి మొహం పక్కకు తిప్పుకుంది. తడి ఎరుపు రక్తంలాగా కూడా కనిపిస్తుంది. అప్పటి నుంచి నీలం, ఆకుపచ్చ, లేత పసుపు మాత్రమే వాడుతున్నాం.

మూడోది చెప్పుకోవడానికే కష్టంగా ఉంది. ఒక కార్డు లోపల "క్యాన్సరు నుండి మీకు పూర్తి విడుదల కలగాలి" అని వ్రాశాం. ఆ రోగికి తన జబ్బు పేరు తెలియదు. ఇంట్లోవారు గడ్డ అని మాత్రమే చెప్పారు. పక్క మంచం వారి చేత చదివించుకుని రాత్రంతా నిద్రపోలేదు. తన జబ్బు సంగతి తెలుసుకునే హక్కు ఆయనకు ఉంది. కాని ఆ మాట డాక్టరుగారు పక్కన కూర్చుని, ప్రశ్నలకు జవాబిస్తూ చెప్పవలసినది. కార్డు చెప్పవలసినది కాదు. మరునాడు మేము వెళ్లి ఆయనను క్షమాపణ అడిగాం. ఆ రోజు నుంచి మా కార్డుల మీద ఏ జబ్బు పేరూ ఉండదు.

ఇక మెరుపు పొడి, అత్తరు, అంటించిన ఎండుపూలు కూడా మానేశాం. పొడి పడక మీద రాలుతుంది. వాసన వాంతి తెప్పిస్తుంది. ఎండుపూలతో రక్తకణాలు తగ్గినవారికి సూక్ష్మక్రిముల భయం.

ఏమి వ్రాయాలి?

వరుస పెట్టి పిలవండి. "రోగి గారికి" కాదు. పిన్నీ, బాబాయ్, పెదనాన్నా, అక్కా అని వ్రాయండి. రెండు వాక్యాలు చాలు. అక్షరాలు పెద్దవిగా, లేత రంగు ఉన్నచోట వ్రాయండి.

"మీకేమీ కాదు" అని వ్రాయవద్దు. అది మనకు తెలియదు. "ధైర్యంగా ఉండండి" అని ఆజ్ఞాపించవద్దు. ఏడవాలనిపించిన రోజున ఆ మాట భారమవుతుంది. "దేవుడు పరీక్షిస్తున్నాడు", "ఏ పాపం చేశామో" అనే మాటలు అసలే వద్దు. పసరు మందులు, పథ్యాలు సూచించవద్దు.

జరిగే పని ఒకటి చెప్పండి. "అక్కా, మీ గేదెకు గడ్డి మేము వేస్తున్నాం." "బాబాయ్, శనివారం సాయంత్రం వచ్చి కూర్చుంటాం." వ్రాసిన మాట నిలబెట్టుకోండి. చదువు రాని వారికి మీరే చదివి వినిపించండి. మన వైపు రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు. ఆ కరెంటు కోసం వారాల తరబడి ఊరు విడిచి ఉండేవారికి ఊరి కబురు ఒక్కటి వ్రాసినా చాలు, బోరులో నీళ్లు పడ్డాయనో, ఎవరింట్లోనో పిల్ల పుట్టిందనో.

రోగులు తామే చేస్తామంటే

చాలామంది అడుగుతున్నారు. చేయవచ్చు. రక్తకణాలు బాగా తగ్గిన రోజుల్లో మాత్రం డాక్టరుగారిని అడగండి. ప్రతిసారీ కొత్త నీళ్లు, శుభ్రమైన బ్రష్షు వాడండి. సెలైను సూది ఉన్న చేతికి పని పెట్టవద్దు. రొమ్ము ఆపరేషన్ అయిన వైపు చేయి వాపు ఉంటే బల్ల మీద ఆనించి, మధ్యలో విశ్రాంతి ఇవ్వండి. కీమో వల్ల వేళ్లు తిమ్మిరిగా ఉన్నవారు బ్రష్షు కాడకు గుడ్డ చుట్టుకుంటే పట్టు దొరుకుతుంది. ఇరవై నిమిషాలు చాలు. అలసట వస్తే ఆపేయండి, సగం కార్డు కూడా కార్డే.

మొదట చెప్పిన మామ్మ కూడా ఆరో విడతకు వచ్చినప్పుడు ఒకటి చేసింది. పచ్చరంగు ఎక్కువై కాగితమంతా పాకిపోయింది. "చేను ఏపుగా పెరిగింది" అని నవ్వి, పక్క మంచం మీద అప్పుడే చేరిన అమ్మాయికి ఇచ్చింది.

ఆ తరువాత జబ్బు మళ్లీ తిరగబెట్టింది. నొప్పి లేకుండా చూడడం తప్ప చేయగలిగింది లేకపోయింది. చివరి రోజుల్లో మేము ముగ్గురం ఆమె ఇంటికి వెళ్లాం. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాం. ఎదురింటివారు గుమ్మంలో నిలబడి చూశారు. రెండోసారి వెళ్లినప్పుడు ఆ ఎదురింటావిడ వచ్చి మా పక్కన కూర్చుంది.

ఆమె పోయిన పదిహేను రోజులకు కొడుకు ఆసుపత్రికి వచ్చాడు. మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి తిరిగి అప్పగించాడు. ఫైలు కూడా ఇచ్చేశాడు. అందులోంచి కొంగ కార్డు ఒక్కటి తీసి చొక్కా జేబులో పెట్టుకుని, "ఇది మాత్రం మా దగ్గరే ఉంటుంది సిస్టరమ్మా" అన్నాడు.

మీ వీధిలో, మీ సంఘంలో ఇటువంటి ఇల్లు ఉంటే ఈ వారమే ఒక కాగితం తడపండి. ఆరిన తరువాత పోస్టులో వేయకుండా మీరే పట్టుకెళ్లండి. వెళ్లిన ఇంట్లో మంచినీళ్లు తాగి రండి.